తొలి చదువుకు ఆసరా, తరగతిలో నిలిపివేత: ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతం

బడిలో చేరిన తొలి మూడు నాలుగేళ్లలో పిల్లలకు చదవడం పట్టుబడేలా మామూలు పాఠానికి తోడుగా ఇచ్చే సాయాన్ని తొలి పఠన సహాయం అంటారు. ఆ వయసుకు రావలసినంత చదువు రాలేదని పిల్లలను పై తరగతికి పంపకుండా మళ్లీ అదే తరగతిలో కూర్చోబెట్టడం నిలిపివేత. బడి దీన్ని డిటెన్షన్ అంటుంది; ఇళ్లల్లో 'తప్పాడు', 'ఫెయిలయింది' అంటారు. ఈ వ్యాసం అంగన్‌వాడీ, ఎల్‌కేజీ దశ నుంచి మూడో తరగతి వరకు ఈ రెండింటి చరిత్రను, చట్టాన్ని, పద్ధతులను ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల నేపథ్యంలో వివరిస్తుంది.

రెండింటికీ మూలం ఒక్కటే: పిల్లల చదువు ఎక్కడో ఒక మెట్టు దగ్గర ఆగిపోవడం. ఆగిన వారంలోనే ఎవరైనా గమనించి పక్కన కూర్చుంటే అది సహాయమవుతుంది. ఏడాది చివరి దాకా ఎవరూ గమనించకపోతే రెండే దారులు మిగులుతాయి: రాకుండానే పైకి పంపడం, లేదా అక్కడే ఉంచడం. పిల్లలకు కావలసింది ఈ రెండింటిలోనూ లేదు.

ప్రాంతం

2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో పాత పశ్చిమ గోదావరి జిల్లా విడిపోయింది. ఏలూరు కేంద్రంగా ఏలూరు జిల్లా, భీమవరం కేంద్రంగా పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడ్డాయి. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలో ఉండిపోగా, అంతవరకు కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు, మండవల్లి, కలిదిండి, ముదినేపల్లి మండలాలు ఏలూరు జిల్లాలో చేరాయి. దాంతో కొల్లేరు చుట్టుపక్కల బడుల్లో ఎక్కువ భాగం ఒకే జిల్లా కిందికి వచ్చాయి.

బడి ఈడు పిల్లల దృష్టితో చూస్తే ఇక్కడ నాలుగు రకాల ఊళ్లున్నాయి. ఏలూరు పాత జిల్లా కేంద్రం. తంగెళ్లమూడి వైపు తివాచీలు నేసే కుటుంబాల్లో ఉర్దూ ఇంటి మాటగా వినిపిస్తుంది. తాడేపల్లిగూడెం ఉల్లి వ్యాపారానికి పేరుపొందిన పట్నం. అక్కడ ప్రైవేటు బడుల ఎల్‌కేజీ, యూకేజీ తరగతులే చాలామందికి తొలి బడి. మూడోది మెట్ట, ఏజెన్సీ ప్రాంతం. బుట్టాయగూడెం, జీలుగుమిల్లి మండలాల్లో కోయ పిల్లలు తెలుగు కాని మరో భాషతో బడికి వస్తారు. నాలుగోది కొల్లేరు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న ఈ మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వచ్చి కలుస్తాయి. నీరంతా ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. సరస్సు మధ్య ఎత్తు దిబ్బల మీద గుడివాకలంక, ప్రత్తికోళ్లలంక వంటి లంక గ్రామాలున్నాయి. చేపల వేట మీద బతికే వడ్డి కులస్థులు వీటిలో ఎక్కువ.

బాల్యంపై జరిగిన ప్రపంచ ప్రసిద్ధ పరిశోధనల్లో ఒకదానికి పశ్చిమ గోదావరి కూడా క్షేత్రం. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో 2002లో మొదలైన యంగ్ లైవ్స్ అధ్యయనం ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లలను ఏళ్ల తరబడి అనుసరించింది. కోస్తా నుంచి ఎంచుకున్న రెండు జిల్లాలు శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి.

తెలుగు చదవడం ఎలా పట్టుబడుతుంది

ఇంగ్లీషు పిల్లలు 26 అక్షరాలు నేర్చి, వాటి కలయికలతో తంటాలు పడతారు. తెలుగు పిల్లల కష్టం వేరు. ఇక్కడ అక్షరానికీ పలుకుకూ పొత్తు చక్కగా కుదురుతుంది, రాసినట్టే చదవవచ్చు. కానీ నేర్వవలసిన ఆకారాలు వందల్లో ఉంటాయి. అచ్చులు, హల్లులు వచ్చాక తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము, ఏత్వం, ఒత్వం కలిసిన గుణింతాలు రావాలి. ఆ తర్వాత వత్తులు. క, గ, డ వంటి వాటి వత్తు అసలు అక్షరాన్ని పోలి ఉంటుంది. త, న, మ, య, ర, ల వత్తులకు మాత్రం అసలు అక్షరంతో పోలికే కనిపించదు. 'అమ్మ', 'అన్న', 'తాత' ముగ్గురూ ఇంట్లో రోజూ పలికే మాటలే. కాగితం మీద 'తాత' వచ్చిన పిల్లకు 'అమ్మ' రాకపోవడానికి కారణం ఆ వత్తు.

ప, ఫ, ష, స. ద, ధ, థ. వ, మ, య వంటి అక్షరాల నడుమ తేడా ఒక చిన్న గీత, ఒక చుక్క, ఒక వంపు. అయిదేళ్ల కంటికి ఆ తేడా నిలవాలంటే ఆ అక్షరం చాలా చోట్ల, చాలాసార్లు, అర్థమున్న మాటల్లో కనిపించాలి.

మన లిపికి దగ్గరి చుట్టమైన కన్నడంలో సోనాలి నాగ్ చేసిన పరిశోధన 2007లో వెలువడింది. అక్షరాల మీద పూర్తి పట్టు రావడానికి అక్కడి పిల్లలకు నాలుగైదు తరగతుల దాకా సమయం పడుతోందని ఆమె చూపారు. ఈ విషయం తెలుగు తల్లిదండ్రులకూ ఉపాధ్యాయులకూ తెలియాలి. యూకేజీ ముగిసేసరికి గుణింతాలన్నీ రాలేదంటే పిల్లలు మొద్దులని కాదు. లిపి పెద్దది, దానికి తగినంత కాలం కావాలి. అయితే కాలం ఇవ్వడమంటే పట్టించుకోకుండా వదిలేయడం కాదు.

చదవడంలో మరో సగం అర్థం. గుక్క తిప్పుకోకుండా పాఠం అప్పజెప్పి, అందులో ఏముందంటే చెప్పలేని పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. అక్షరాన్ని పలకడం, మాటను ఒక్క చూపుతో పట్టడం, వాక్యాన్ని తడుముకోకుండా చదవడం, చదివింది గ్రహించడం అనే నాలుగూ కలిస్తేనే చదువు వచ్చినట్టు.

పాత బడుల్లో

వీధి అరుగుల మీద నడిచిన బడుల్లో తరగతులు లేవు కనుక తప్పడమనే మాటా లేదు. పిల్లలు ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దేవారు. అవి వచ్చాక గుణింతాలు, ఆపైన ఎక్కాలు, పద్యాలు. ఎవరి నడక వారిది. ముందున్నవాడు వెనకున్నవాడికి చెప్పేవాడు. మద్రాసులో పనిచేసిన ఆండ్రూ బెల్ 18వ శతాబ్దం చివర ఈ పద్ధతిని చూసి ఇంగ్లండుకు తీసుకువెళ్లగా, అక్కడది 'మద్రాసు పద్ధతి'గా పేరొందింది.

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లాల బడుల లెక్కలు అడిగాడు. 1826 నాటికి తేలిన మొత్తం 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. ఆ సర్వేకు 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ పంపిన నివేదిక నేటికీ చదవదగ్గది. పిల్లలు వాడుకలో లేని కావ్యభాషలోని పద్యాలను అర్థం తెలియకుండా వల్లె వేస్తున్నారని, పైకి చదివినట్టే ఉన్నా అందులో గ్రహింపు లేదని అతను రాశాడు. చదవడానికీ అర్థం చేసుకోవడానికీ మధ్య ఉన్న అగాధం గురించి తెలుగు బడిలో నమోదైన తొలి ఫిర్యాదుల్లో ఇదొకటి. తర్వాత బాలశిక్షలు అచ్చయ్యాయి. గిడుగు రామమూర్తి (1863–1940) జీవితమంతా చేసిన వాడుకభాష ఉద్యమంలోనూ పసిపిల్లల వాచకం ఏ భాషలో ఉండాలన్న ప్రశ్న ఉంది.

సర్కారు బడులు, తరగతులు, వార్షిక పరీక్షలు వచ్చాక 'పాస్', 'ఫెయిల్' వచ్చాయి. అప్పటి నుంచి పిల్లల వయసు ఒకటి, తరగతి మరొకటి కావడం మొదలైంది.

నిలిపివేత: చట్టం నడిచిన దారి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1970ల తొలినాళ్లలోనే నాన్ డిటెన్షన్ విధానం వచ్చింది. తప్పిన పిల్లలు బడి మానేస్తున్నారన్నది దానికి ప్రధాన కారణం. ఏడో తరగతి, పదో తరగతి పరీక్షలు మాత్రం గడపలుగా మిగిలాయి. 'ఏడు తప్పి' చదువు ఆపేసినవారు ఒక తరంలో గోదావరి జిల్లాల ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టం దేశమంతటికీ ఒకే నియమం పెట్టింది. 16వ సెక్షను ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యే వరకు ఏ తరగతిలోనూ పిల్లలను నిలపరాదు, బడి నుంచి తీసివేయరాదు. అదే చట్టంలోని 24వ సెక్షను ఉపాధ్యాయుల విధుల్లో ఇంకో మాట చెప్పింది: ఒక్కొక్కరి అభ్యసన సామర్థ్యాన్ని అంచనా వేసి, అవసరమైన వారికి అదనపు బోధన చేయాలి. ఈ రెండు సెక్షన్లు జంట ఎద్దులు. ఒకదాన్ని కాడికి కట్టి రెండోదాన్ని కొట్టంలో వదిలేస్తే బండి నడవదు. దేశంలో చాలా చోట్ల జరిగింది అదే. నిలపకూడదన్న మాట అందరికీ చేరింది. అదనంగా చెప్పాలన్న మాట కాగితం మీద ఉండిపోయింది.

2019 సవరణ అయిదు, ఎనిమిది తరగతుల్లో పరీక్షకు, రెండు నెలల్లో మరో అవకాశానికి, అప్పటికీ రాకపోతే నిలిపివేతకు వీలు కల్పించి, నిర్ణయం ప్రభుత్వాలకు వదిలింది. 2024 డిసెంబరులో కేంద్రం తన నిర్వహణలోని బడులకు దీన్ని అమలు చేస్తూ నియమాలు మార్చింది. ఒకటి నుంచి నాలుగో తరగతి వరకు నిలిపివేతపై నిషేధం మాత్రం చెక్కుచెదరలేదు.

తల్లిదండ్రులు తరచూ పొరబడే అంశం ఇక్కడే ఉంది. చట్టం చెప్పే ప్రాథమిక విద్య ఒకటో తరగతితో మొదలవుతుంది. నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీలు దాని అవతల ఉన్నాయి. కాబట్టి యూకేజీ మళ్లీ చదివించమనే సలహాకు 16వ సెక్షను అడ్డురాదు. ఆ నిర్ణయం బడికీ ఇంటికీ మధ్య జరిగే మాటగా ఉండిపోతుంది. ఒకటో తరగతిలో చేర్చుకునేందుకు పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ వడపోత పరీక్ష పెట్టడాన్ని మాత్రం 13వ సెక్షను నిషేధించింది.

అంగన్‌వాడీ, ఎల్‌కేజీ, యూకేజీ

అంగన్‌వాడీలు నడిచే సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో నేడు 55 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. కార్యకర్త చేతిలో పిల్లల బరువు తూచే పని, గుడ్లు, పాలు పంచే పని, గర్భిణుల నమోదు, యాప్‌లో వివరాలు ఎక్కించే పని ఉంటాయి. ఆటలు, పాటలు, కథలు మిగిలిన సమయంలో జరగాలి. పక్కనున్న తమిళనాడులో ఇలాంటి కేంద్రాల్లో ఒక అదనపు కార్యకర్తను పెట్టి చూసిన ప్రయోగంలో బోధన సమయం రెట్టింపయింది. పిల్లల భాష, లెక్కలు మెరుగుపడ్డాయి, ఎదుగుదల లోపం తగ్గింది. సమస్య కార్యకర్త శ్రద్ధలో లేదని, ఆమె గంటల్లో ఉందని ఇది చెబుతోంది.

జాతీయ విద్యావిధానం 2020 మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశగా చూసింది. ఆంధ్రప్రదేశ్‌లో దీనికి అనుగుణంగా అంగన్‌వాడీల్లో పీపీ-1, పీపీ-2 పేర్లు వచ్చాయి. బడుల రూపం మాత్రం రెండుసార్లు మారింది. 2022 జూన్‌లో వచ్చిన జీవో 117 మూడు నుంచి అయిదో తరగతి పిల్లలను దగ్గరి ఉన్నత పాఠశాలలకు తరలించే ఏర్పాటు చేసింది. 2025లో ప్రభుత్వం దాన్ని పక్కనపెట్టి ప్రాథమిక బడిని మళ్లీ ఒక్క చోటికి తెచ్చింది. చదవడం సరిగ్గా నిలదొక్కుకునే మూడో తరగతిలో బడి మారడం పసివాళ్లకు చిన్న విషయం కాదు.

ప్రైవేటు ఎల్‌కేజీల్లో ఇబ్బంది మరో రకం. నాలుగేళ్ల పిల్లల చేత నాలుగు గీతల కాపీల్లో ఇంగ్లీషు, రెండు గీతల్లో తెలుగు రాయించడం, రోజూ హోంవర్కు. వేళ్లలో ఇంకా పట్టు రాని వయసది. చదవడానికి ముందు కావలసింది మాటల చప్పుళ్లను చెవితో విడదీయగలగడం: 'పలక'లో మొదటి చప్పుడేది, 'కాకి', 'కాలు' ఒకేలా మొదలవుతాయా అని పోల్చుకోగలగడం. ఇది ఆటలతో, పాటలతో, పొడుపు కథలతో వస్తుంది. అది రాకముందే రాత మొదలైతే రాసే పిల్లలు తయారవుతారు గానీ చదివే పిల్లలు కారు. అంబేద్కర్ విశ్వవిద్యాలయం, విద్యా సర్వేలు చేసే అసర్ కేంద్రం కలిసి అస్సాం, రాజస్థాన్, తెలంగాణలలో దాదాపు 14,000 మంది నాలుగేళ్ల పిల్లలను ఎనిమిదేళ్ల దాకా అనుసరించాయి. ఎక్కువమంది ఏదో ఒక పూర్వ ప్రాథమిక కేంద్రానికి వెళ్లినా, ఒకటో తరగతికి కావలసిన సిద్ధత చాలామందిలో లేదని ఆ అధ్యయనం తేల్చింది.

వానాకాలం చదువు

సరిగ్గా పట్టుబడని చదువును తెలుగులో 'వానాకాలం చదువు' అంటారు. మిగతాచోట్ల అది సామెత. కొల్లేరులో అది క్యాలెండరు. విద్యా సంవత్సరం జూన్‌లో మొదలవుతుంది. ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దించి, గుణింతాల్లోకి దింపే నెలలు జులై నుంచి అక్టోబరు. సరస్సు నిండే నెలలూ అవే. ఎగువన వాన పడితే బుడమేరు, తమ్మిలేరు పోటెత్తుతాయి. ఉప్పుటేరు అంత నీటిని ఒక్కసారిగా లాగలేదు. లంకలకు వెళ్లే రోడ్లు మునిగితే ఉపాధ్యాయులు బడి చేరలేరు. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వరద కిందికి దిగి కొల్లేరు గ్రామాలను చుట్టుముట్టింది.

పెద్ద తరగతి పిల్లలకు పదిహేను రోజులు బడి లేకపోతే ఒక పాఠం పోతుంది. అక్షరాలు నేర్చుకుంటున్న పిల్లలకు అలా కాదు. సగం నేర్చిన గుణింతం సాధన లేకపోతే జారిపోతుంది. బడి తెరిచాక తరగతి వత్తుల్లోకి వెళ్లిపోతుంది. ఆ పిల్లలకు లోపించింది తెలివి కాదు, పదిహేను రోజులు.

కొల్లేరు బతుకుతెరువు మారడం కూడా బడిని తాకింది. వరి పొలాలు, సరస్సు భాగాలు చేపల చెరువులయ్యాయి. 1999లో అభయారణ్యంగా ప్రకటన, 2002లో రామ్‌సర్ గుర్తింపు, 2005–06లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట చెరువు గట్ల తొలగింపు జరిగాయి. అభయారణ్యం హద్దుపై వాదం ఇంకా నడుస్తోంది. చెరువుల కాపలాకు, మేత వేసే పనికి కుదిరిన కుటుంబాలు గట్ల మీదే పాకలు వేసుకుని ఉంటాయి. ఊరికీ బడికీ దూరంగా, చుట్టూ నీళ్లున్న ఆ గట్ల మీద పెరిగే పసివాళ్లకు అంగన్‌వాడీ అందడం కష్టం. ఒక చెరువు ఒప్పందం ముగిస్తే కుటుంబం మరో చోటికి కదులుతుంది. పిల్లల పేరు ఒక బడిలో, పిల్లలు మరో ఊళ్లో ఉంటారు. విద్యా హక్కు చట్టంలోని 4వ సెక్షను ఇలాంటి వారిని వయసుకు తగ్గ తరగతిలో చేర్చి, ప్రత్యేక శిక్షణ ఇవ్వాలంటుంది.

ఇదే రకం అంతరాయం రాష్ట్రమంతటినీ ఒకసారి తాకింది. కోవిడ్ వల్ల 2020 మార్చిలో మూతపడిన బడుల్లో ప్రాథమిక తరగతులు 2021 ఫిబ్రవరిలో తెరిచి, ఏప్రిల్‌లో మళ్లీ మూతపడి, ఆగస్టు 16న తెరుచుకున్నాయి. అసర్ సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో రెండో తరగతి పాఠం చదవగల మూడో తరగతి పిల్లలు 2018లో 22.6 శాతం, 2022లో 10.3 శాతం. 2022లో మూడో తరగతిలో ఉన్నవారు 2020–21లో ఒకటో తరగతిలో చేరినవారు. వారి అక్షరాల ఏడాది మూసిన తలుపుల వెనక గడిచింది. లంక గ్రామాల పిల్లలు ఏటా కొంత కొంతగా పోగొట్టుకుంటున్నది ఏమిటో ఈ అంకెలు చూపుతాయి.

ఆగిన చోటును గుర్తించడం

కేంద్రం 2021 జులై 5న ప్రారంభించిన నిపుణ్ భారత్ మెట్లవారీ లక్ష్యాలు పెట్టింది. బాలవాటిక (ఒకటో తరగతికి ముందు ఏడాది) ముగిసేసరికి అక్షరాలు, వాటి చప్పుళ్లు గుర్తించి రెండు మూడు అక్షరాల చిన్న మాటలు చదవాలి. ఒకటో తరగతిలో నాలుగైదు మాటల చిన్న వాక్యాలు. రెండో తరగతిలో నిమిషానికి 45 నుంచి 60 మాటలు. మూడో తరగతిలో 60 మాటలకు తగ్గకుండా, అర్థంతో. 2026–27 నాటికి మూడో తరగతి పూర్తిచేసే ప్రతి ఒక్కరూ ఈ మెట్టెక్కాలన్నది లక్ష్యం.

ఒక పిల్ల ఏ మెట్టు దగ్గర ఉందో తెలుసుకోవడానికి పెద్ద పరీక్ష అక్కర్లేదు. అసర్ వాడే కాగితం మీద నాలుగు అంచెలే ఉంటాయి: అక్షరాలు, మాటలు, చిన్న పేరా, కథ. ఒక్కొక్కరితో అయిదు నిమిషాలు కూర్చుంటే చాలు. అయితే ఎదురుగా కూర్చుని వినాలి. తరగతి అంతా కలిసి గొంతెత్తి చదువుతుంటే రానివారి మౌనం వినిపించదు. పక్కవారి పెదవుల కదలికను పట్టుకుని వారూ చదువుతున్నట్టే కనిపిస్తారు.

కొన్నిసార్లు అడ్డంకి చదువులో ఉండదు. బోర్డు కనిపించకపోవడం, చెవిలో చీము, నత్తి, రక్తహీనత పైకి మందకొడితనంగా కనిపిస్తాయి. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బడుల్లో ఈ పరీక్షలకు ఉద్దేశించినది. 2019 అక్టోబరు 10న రాష్ట్రంలో మొదలైన కంటివెలుగు తొలి విడత బడి పిల్లలకే. నేర్చుకోవడంలో ప్రత్యేక లోపాలను 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించింది. మండలాల్లోని భవిత కేంద్రాలు ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు తోడ్పడతాయి.

సహాయ పద్ధతులు

గట్టి ఆధారం ఉన్న పద్ధతి తరగతిని పక్కనపెట్టి, వచ్చిన చదువును బట్టి పిల్లలను జట్లుగా చేసి చెప్పడం. ప్రథమ్ సంస్థ దశాబ్దాలుగా చేస్తున్న ఈ పనిని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం ప్రయోగాలతో పరీక్షించింది. రోజూ ఒక నిర్ణీత సమయంలో అక్షరాల జట్టు గుణింతాల పట్టికతో ఆడుతుంది, మాటల జట్టు చిన్న పేరాలు చదువుతుంది, కథల జట్టు సొంతంగా రాస్తుంది. వచ్చినవారు వెంటనే పై జట్టుకు మారతారు. ఎవరి నడక వారిదన్న పాత అరుగు బడి సూత్రం ఇందులో ఉంది. దానికి తోడు అర్థమూ ఉంది.

తెలుగు పల్లెల్లోనే మరో రుజువుంది. ఉమ్మడి రాష్ట్రంలోని మహబూబ్‌నగర్ జిల్లా నాగర్‌కర్నూల్ ప్రాంతంలో నాంది ఫౌండేషన్ 214 గ్రామాల ప్రయోగంలో భాగంగా, సగం ఊళ్లలో రెండు నుంచి నాలుగో తరగతి పిల్లలకు బడి వేళల తర్వాత ఊరి యువతితో అదనపు బోధన ఏర్పాటు చేసింది. రెండేళ్లకు ఆ పిల్లల భాష, లెక్కల మార్కులు మిగతా ఊళ్ల పిల్లలకంటే గణనీయంగా పెరిగాయని 2013లో ఫలితాలు వెలువడ్డాయి. రోడ్డు మునిగినా ఊళ్లోనే ఉండే మనిషి చదువు చెప్పడం లంక గ్రామాలకు బాగా నప్పే నమూనా.

తెలంగాణ 2022 ఆగస్టు 15న 'తొలిమెట్టు' అనే పునాది చదువు కార్యక్రమం మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల రుణంతో 2021లో ఆమోదించిన 'సాల్ట్' ప్రాజెక్టు పునాది తరగతుల మీద, అంగన్‌వాడీ కార్యకర్తల శిక్షణ మీద దృష్టి పెట్టింది. పాత పశ్చిమ గోదావరి ఉపాధ్యాయ శిక్షణకు కేంద్రం దూబచర్లలోని జిల్లా విద్యా శిక్షణ సంస్థ (డైట్). ఒకటో తరగతి చెప్పడం అన్నిటికంటే నైపుణ్యం కావలసిన పని అన్న ఎరుక శిక్షణలోనే రావాలి; బడిలో అనుభవం ఎక్కువున్నవారికే ఆ తరగతి అప్పగించాలి.

నిలిపివేతపై పరిశోధన

అమెరికాలో కిండర్‌గార్టెన్ మళ్లీ చదివిన పిల్లలపై హాంగ్, రౌడెన్‌బుష్ 2005లో ప్రచురించిన విశ్లేషణ, వారిని పైకి పంపి ఉంటే ఇంకా ఎక్కువ నేర్చుకునేవారని తేల్చింది. ఫ్లోరిడా రాష్ట్రం 2002 చట్టంతో చదవడం రాని మూడో తరగతి పిల్లలను నిలపడం మొదలుపెట్టింది. అక్కడ నిలిపినవారి చదువు మొదట మెరుగైంది. ఆ లాభం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గింది. గమనించవలసినది, ఫ్లోరిడా పిల్లలను ఊరికే కూర్చోబెట్టలేదు. వేసవి పఠన శిబిరాలు, రోజూ గంటన్నర చదువు, మంచి ఉపాధ్యాయులను వారికి కేటాయించింది. మేలు జరిగిన చోట కూడా దానికి కారణం ఆ సాయమా, నిలపడమా అన్నది విడదీసి చెప్పడం కష్టం. అదే పాఠం, అదే పద్ధతి, అదే బెంచీ మీద రెండోసారి వినిపించడం వల్ల మేలు జరుగుతుందనడానికి ఆధారం బలహీనం.

ఫిన్లాండ్‌లో పిల్లలు ఏడో ఏట బడిలో చేరతారు. వెనకబడినవారికి మొదటి తరగతుల నుంచే ప్రత్యేక ఉపాధ్యాయులు వారంలో కొన్ని గంటలు చెబుతారు. న్యూజీలాండ్‌లో మేరీ క్లే 1970లలో రూపొందించిన పద్ధతిలో బాగా వెనకబడిన ఆరేళ్ల పిల్లలకు రోజూ అరగంట ఒక్కొక్కరికే బోధన ఉంటుంది. ఆ పద్ధతి వివరాలపై తర్వాత విమర్శలు వచ్చినా, తొందరగా అందుకోవాలన్న సూత్రం నిలిచింది. చదవడం వచ్చినవారు ఇంకా చదివి ముందుకుపోతారని, రానివారు తప్పించుకుంటూ ఇంకా వెనకబడతారని కీత్ స్టనోవిచ్ 1986లో వివరించాడు. అందుకే ఒకటో తరగతిలో ఒక నెల సాయం అయిదో తరగతిలో ఏడాది సాయానికి సాటిరావచ్చు.

ఒక మినహాయింపు చెప్పుకోవాలి. పుట్టిన తేదీ కలవకపోయినా చేర్చేయడం వల్ల నాలుగున్నరేళ్లకే యూకేజీ దాటిన పిల్లలు ఒకటో తరగతికి నిజంగానే పసివాళ్లు. జాతీయ విద్యావిధానం ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలంటోంది. అలాంటి పిల్లలను ఒక ఏడాది ఆపితే అది తొందరపాటును దిద్దుకోవడం. దాన్ని ఫెయిల్ అనకూడదు, అననివ్వకూడదు. పిల్లలు వెనక్కి తిరిగి చూసుకున్నప్పుడు గుర్తుండేది ఆ మాటే.

ఇంటి భాష, బడి భాష

2019 నవంబరులో ప్రాథమిక తరగతులను ఇంగ్లీషు మాధ్యమానికి మార్చుతూ వచ్చిన ఉత్తర్వులను హైకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. ఆపైన ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. వీలైనంత వరకు మాతృభాషలో బోధించాలని విద్యా హక్కు చట్టం 29వ సెక్షను చెబుతోంది. తల్లిదండ్రుల ఆశ ఇంగ్లీషు మీద ఉండటం తప్పు కాదు. అయితే ఒక భాషలో చదవడం వచ్చిన పిల్లలకు రెండో భాషలో చదవడం సులువు. రెంటిలోనూ సగం సగం వచ్చినవారికి రెండూ బరువే. కోయ పిల్లలకు ఈ బరువు మూడింతలు. 2004–05లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో తొలి తరగతుల పుస్తకాలు తయారుచేసింది.

పుస్తకాలు

చదవడం నిలవాలంటే వాచకం బయట చదవడానికి ఏదో ఒకటి ఉండాలి. రాష్ట్రంలో 2020 నవంబరులో 'చదవడం మాకిష్టం' ఉద్యమం మొదలైంది. మంచి పుస్తకం, ప్రథమ్ బుక్స్ వంటి ప్రచురణ సంస్థలు చిన్నపిల్లలకు తగిన బొమ్మల కథలు తెలుగులో తెస్తున్నాయి. నీటి దారుల్లో పుస్తకాలు పంపడం మనకు కొత్త కాదు. 1935లో గుంటూరు జిల్లా పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కృష్ణా కాలువ మీద పాతూరి నాగభూషణం పడవ గ్రంథాలయం నడిపారు. రోడ్డు తెగినా పడవ ఆగని కొల్లేరులో ఒక పెట్టెడు బొమ్మల పుస్తకాలను లంక లంకకూ తిప్పడం ఆ సంప్రదాయానికి కొనసాగింపే అవుతుంది.

నేటి స్థితి

ఈ ప్రాంతంలో తొలి తరగతుల పిల్లలు చట్టప్రకారం నిలిపివేత నుంచి రక్షణ పొందుతున్నారు. సహాయం పొందడం ఇప్పటికీ వారు పుట్టిన ఊరిని బట్టి ఉంది. తాడేపల్లిగూడెంలో యూకేజీ పిల్ల వెనకబడితే ట్యూషనుకు పంపే స్తోమత ఇంట్లో ఉండవచ్చు; చెరువు గట్టు మీది పిల్లకు బడే దిక్కు. ఆ బడి చేయగల పనులు పెద్ద ఖర్చువి కావు. జులైలో, వరద రాకముందే, ఒకటో తరగతిలో ఒక్కొక్కరి చదువు వినాలి. దసరా సెలవుల తర్వాత మళ్లీ వినాలి. ఈ రెండింటి మధ్య నీళ్ల వల్ల పోయిన రోజులను లెక్కగట్టి, అన్ని రోజుల అక్షర సాధనను విడిగా తిరిగి ఇవ్వాలి. ఊళ్లోనే చదువుకున్న ఒకరికి మునక రోజుల్లో పలకల బాధ్యత అప్పగించాలి. ఇవి జరిగితే, ఏప్రిల్‌లో ఆ పిల్లను పైకి పంపాలా, ఇక్కడే ఉంచాలా అని ఎవరూ తర్జనభర్జన పడనక్కర్లేదు. రెండో తరగతి వాచకం తెరిచి ఆమే చదువుతుంది.